విమానపు టికెట్టు వెలల నిర్ణేతకు ఒక బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ విమానపు టికెట్టు వెలలను క్షణక్షణము నిర్ణయించు అదృశ్యాధికారివారి దివ్యసముఖమునకు, సూరతు నగరమున లింబాయతు వాస్తవ్యుడును, రింగురోడ్డు బట్టల మార్కెట్టులో ఒక సేఠుగారి కొట్టున నామా (జమాఖర్చులు) వ్రాయు మెహతాజీయును, ఐదుగురు గల కుటుంబమునకు యజమానియును అగు ఒక తెలుగువాడు నమస్కరించి చేసికొను విన్నపము.

తమరి కుశలమును గూర్చి అడుగ నక్కఱలేదు. దీపావళి దగ్గఱ పడుచున్నది గదా! దీపావళి మొదలు, కొట్లు మరల తెఱచు లాభ్ పాంచమ్ పండుగ వఱకు ఈ యూర మగ్గము ఆడదు, మార్కెట్టు తలుపు తెఱవదు, వజ్రములు సానపట్టు చక్రము తిరుగదు. సౌరాష్ట్రమువారు సౌరాష్ట్రమునకును, మన పద్మశాలీలు కరీంనగరమునకో వరంగల్లునకో, నాలుగు రాళ్లు వెనుకేసికొన్న సేఠులు బాలికో ఫుకెట్టునకో, అందఱును ఒక్కమారే కదలుదురు. కావున, సంవత్సరమునందు ఏ దినమున మాకు తీరిక కలుగునో మాకంటె ముందుగా తమరికే తెలియును. ఆ తెలిసికొనుటలోని శ్రద్ధకు కృతజ్ఞుడను.

ఈ యేడు మేము అండమానునకు పోవ నిశ్చయించితిమి. సముద్రము మాకు క్రొత్త కాదు, మా యూరి డూమసు తీరము ఉన్నది. కాని ఆ నల్లని యిసుకయు, ఆ బురదనీరును, వేడివేడి టమాటా భజియాయు తప్ప వేఱు సముద్ర మెఱుగని మా అమ్మ, బాబిన్లు చుట్టి చుట్టి వ్రేళ్లు కాయలు కాచిన మా అమ్మ, దూరదర్శనమున నీలపు నీటిని చూచి, "గంత నీలంగ ఉంటదా బిడ్డా నిజంగ?" అని అడిగినది. అండమానున తెలుగువారు 2011 జనగణన నాటికే నూటికి పదముగ్గురని, వారిలో పెక్కురు శ్రీకాకుళము, విశాఖ తీరములనుండి పోయి స్థిరపడినవారని మా పెద్దమ్మాయి చదివి వినిపింపగా, "ఆడ గూడ మనోళ్లున్నరా!" అని మఱింత ఉత్సహించినది. వలస వచ్చినవారికి మఱియొకచోటికి వలస పోయినవారిని చూడవలెనను ఉబలాట ముండును. అది తమరి లెక్కలకు అందునది కాదు.

నిన్న రాత్రి భోజనములైన పిమ్మట అందఱమును ఫోను చుట్టును చేరి, నడుమ ఒక యూర విమానము మారి శ్రీ విజయపురము (2024 సెప్టెంబరు వఱకు మన మెల్లరము పోర్ట్ బ్లెయిర్ అనిన యూరే) చేరు మార్గమును వెదకితిమి. మాటవరుసకు మొదట నలుగురికని అడిగితిమి. ఒక వెల చూపితిరి. భారమైనదే గాని బోనసుతో భరింపదగినది. అమ్మతో ఐదుగురము గదా యని నాలుగును ఐదుగా మార్చితిమి. మార్చినంతనే ఐదవ టికెట్టు వెల యొక్కటియే కాదు, మొదటి నలుగురి వెలయు తలకు రెండువేల పైచిలుకు పెరిగినది! నాలుగు చేసితిమి, దిగినది. ఐదు చేసితిమి; ఎక్కినది. మా చిన్నవాడు ఇదియొక ఆటయని తలచి చప్పట్లు కొట్టెను. అమ్మ మాత్రము కొంగు సవరించుకొని, "నేను రాను తియ్‌రా. మీరు పోయి రండి. నాతోని అందరికి ఖర్చాయె," అన్నది.

అయ్యా, ఈ మాట ఆమెచేత అనిపించినది తమరు. సిగ్గు లేదా తమరికి? ఏ ధర్మశాస్త్రమున వ్రాసియున్నది, తల్లి వెంట వచ్చినచో కోడలికిని మనుమలకును వెల పెంచవలెనని?

మా వీథిలో టికెట్లు తీయు కుఱ్ఱవాడు తమరి మర్మము విప్పి చెప్పినాడు. ఒకే విమానమున, ఒకే వరుసలో, ఒకే గుడ్డ కప్పిన ఆసనములు తమరి పుస్తకమున అంతస్తులుగా విభక్తములై యుండునట. అడుగు అంతస్తున చౌక ఆసనములు నాలుగే మిగిలి యుండగా ఐదుగురు కలిసి అడిగినచో, నలుగురిని అచ్చట కూర్చుండబెట్టి ఐదవవారిని మాత్రము పై అంతస్తున కెక్కించుట తమరి యంత్రమునకు చేతకాదట. ఐదుగురను కట్టగట్టి పై అంతస్తునకే తోలునట. నేను బట్టల మార్కెట్టున తల నెరసినవాడను. ఒక తాకా (గుడ్డచుట్ట) కొన్నవానికి ఒక వెల, నూఱు తాకాలు కొన్నవానికి మీటరుకు అంతకంటె తక్కువ వెల; ఇది దలాలునకు తెలియును, మూటలు మోయు కూలికిని తెలియును. ఎక్కువ కొనుచున్నావు గనుక ప్రతి తాకాకును ఎక్కువ ఇమ్మని అడిగిన వ్యాపారి మా రింగురోడ్డున సాయంకాలము వఱకు కొట్టు తెఱచి యుండజాలడు.

ఈ వెలలు మార్చు విద్య తమరికి పుట్టుకతో వచ్చినది కాదని యెఱుగుదును. అమెరికాలో 1978లో విమానసంస్థలపై నిర్బంధములు తొలగిన తరువాత, చౌకగా ప్రయాణికులను చేరవేయుచుండిన పీపుల్ ఎక్స్‌ప్రెస్ అను సంస్థతో పోటీపడలేక, అమెరికన్ ఎయిర్‌లైన్స్‌వారు 1985లో, ముందు కొనువారికి కొన్ని ఆసనములు చౌకగా ఇచ్చి, కడపట పరుగెత్తి వచ్చువారికై కొన్నిటిని ప్రియముగా దాచియుంచు ఉపాయమును గణకయంత్రములచేత నడిపించిరి. 1987 నాటికి ఆ పోటీసంస్థ పేరు లేకుండ పోయినది. మన దేశమున 1953 నాటి విమానసంస్థల చట్టము 1994లో రద్దయిన పిమ్మట తమరి చేతులకును సంకెళ్లు ఊడినవి. అయినను 2020 మే నెల మొదలు 2022 ఆగస్టు తుది దినము వఱకు, మహమ్మారి కాలమున, ప్రయాణకాలమును బట్టి కనిష్ఠ గరిష్ఠములు విధించి ప్రభుత్వమువారు తమరిని కట్టడి చేసిరి. అందువలన విమానము లేవియు ఆకాశమునుండి రాలిపడలేదు. ఆనాడు మాకు ఇల్లు కదలుటకే ధైర్యము లేకపోయినది, అది వేఱు సంగతి.

ఓడలో పొమ్మందురా? 1608లో విలియం హాకిన్సు హెక్టరు అను ఓడలో వచ్చి లంగరు దింపిన రేవు మాది. మొగలుల కాలమున హజ్ యాత్రికులు ఓడ లెక్కిన రేవు మాది. ఆ సూరతు ప్రజ నేడు అండమాను ఓడ ఎక్కవలెనన్నచో తూర్పు తీరమున విశాఖకో చెన్నపట్నమునకో పోవలెను. రైలులో అంత దూరము పోయి, ఓడకై వేచి, రెండుమూడు దినములు నీటిపై తేలి ఆ దీవిలో కాలు పెట్టునప్పటికి ఇచ్చట లాభ్ పాంచమ్ పూజకు సేఠుగారు నాకొఱకు కబురు పంపుచుందురు.

బ్యాంకాకునకు పొమ్మందురా? 2024 డిసెంబరున మా యూరినుండి అచ్చటికి నేరుగా విమానము మొదలైనది. ఆ థాయిలాండు దేశపు ఫుకెట్ దీవిని తడుపునదియు అండమాను సముద్రమే. అనగా అదే నీటికి ఆవలియొడ్డు పరాయి దేశము, ఈవలియొడ్డు స్వదేశము. నిన్న రాత్రి లెక్క చూడగా ఆవలియొడ్డునకే చౌక. అమ్మకు పాస్‌పోర్టు లేదు. ఉన్నను ఆమెకు కావలసినది అచ్చటి నీరు కాదు. ఆమె సెల్యులర్ జైలు చూడ గోరుచున్నది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమానున శిక్ష అనుభవించి వచ్చి, 1952లో పార్లమెంటు సభ్యు డయ్యెనని మనుమరాలు చెప్పినప్పటినుండి ఆమెకు ఆ గోడలపై మనసు పోయినది. ఆంగ్లప్రభువులు క్రూరులే, అయినను ఖైదీలను ద్వీపమునకు పంపునపుడు టికెట్టు వెల అడుగలేదు.

ఇంక కిటికీ ప్రక్కన కూర్చుండుటకు వేఱు రుసుము. నడుమ నలిగి కూర్చుండుటకును కొన్ని వరుసలలో రుసుమే! రూకలు నేను చెల్లించుచుండగా సౌలభ్యరుసుమని ఒకటి, ఎవరి సౌలభ్యము? సామాను పదునైదు కిలోలు మించరాదట. మా అమ్మ సకినాల డబ్బా యొక్కటియే అందులో మూడవవంతు తినును. ఆధారు కార్డున ఉన్నట్లు ఆమె పేరును ఇంటిపేరుతో సహా ఒక్కొక్క అక్షరముగా కూర్చి ముగించునంతలో, సమయము మించినది, మరల మొదలుపెట్టుడను ఆజ్ఞ. ఇవన్నియు సహింతుము. ఎన్నడు సహింపలేదు?

ఆ కుఱ్ఱవాడు ఒక ఉపాయమును చెప్పినాడు: నలుగురికి ఒకటిగాను, అమ్మకు విడిగాను తీసికొమ్మని. తీసికొనవచ్చును. అపుడు నడుమ యూర ఒక విమానము ఆలస్యమై, మా నలుగురిని వేఱొక విమానమున కెక్కించినచో, ఆమె టికెట్టు వేఱు గనుక ఆమె అచ్చటనే నిలువబడవలసి వచ్చునేమో. ఆమెకు ఆ తెరలపై మారుచుండు ఆంగ్లాక్షరములు చదువ రావు. పిలుపు ఆంగ్లమున వినిపించును. నా భార్య, "అత్తమ్మతోని నేను విడిగ వస్త, మీరు పిల్లలతోని పోండి," అనుచున్నది. అట్లు మూడు రెండుగా చీలి, ఒకరి జాడ ఒకరికి తెలియక, ఫోనులో పిలుచుకొనుచు విహారయాత్ర చేయవలెనా మేము?

అయ్యా, నేను చౌక అడుగుట లేదు. పండుగకు వెల పెంచుకొనుడు. వ్యాపారస్థుడను, అర్థము చేసికొందును. నలుగురికి చూపిన వెల ఆ నలుగురికి ఉంచి, ఐదవ టికెట్టునకు తమరి యిష్టము వచ్చినంత వేసికొనుడు, ఇచ్చెదను. ఐదుగురి పేర్లును ఒకే చీటీలో ఉండనిండు. దయచేసి ఈ ఒక్క సవరణ చేయుడు.

మంగళవారము లోపల సేఠుగారికి సెలవు తేదీలు చెప్పవలసియున్నది. ప్రత్యుత్తరము నా పేర గాక మా అమ్మ పేర వ్రాయుడు, ఆమెయే రానని పట్టుబట్టినది గనుక. తెలుగున వ్రాయుడు, పెద్ద అక్షరములైనచో కూడబలుకుకొని చదువుకొనగలదు.

ఇట్లు,
తమరి వెలలకు తలయొగ్గిన
ఒక మెహతాజీ,
లింబాయతు, సూరతు.