కోట పటం అందింది, ఇంకొకటి పంపగలరు

దేవరకొండలో అర్ధరాత్రి దాటాక మెలకువగా ఉండే జాతులు రెండు: బస్టాండు కుక్కలు, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు. మా బజారు పిల్లాడొకడు ఎక్కడో డేటా సెంటర్‌లో ఉన్న కంటైనర్ క్లస్టర్‌కు ఇక్కడి నుంచి కాపలా కాస్తాడు. ఒక రాత్రి అందులో ప్రోగ్రాములు నడిపే పాడ్లు పండుటాకుల్లా రాలడం మొదలుపెట్టాయి. ఏటా లక్షలు పోసి సపోర్టు కొనుక్కున్న కంపెనీకి టికెట్ పెట్టాడు. పేరు అనవసరం, ఏ కంపెనీ పేరు పెట్టి చదువుకున్నా కథ నడుస్తుంది. తీవ్రత: ఒకటో తరగతి. గంట తిరక్కముందే జవాబొచ్చింది.

“దయచేసి డయాగ్నొస్టిక్ ఫైలు జత చేయగలరు.”

ఒప్పందం కాయితం ఒకసారి తీసి చదవండి. మొదటి జవాబుకు గడువు రాసి ఉంటుంది, జబ్బు నయం చేయడానికి ఉండదు. ఫైలు అడిగిన మరుక్షణం టికెట్ మీద ‘కస్టమర్ జవాబు కోసం ఆగాం’ అనే బిళ్ల పడుతుంది. అంతవరకూ వాళ్ల గోడకు వేలాడిన గడియారం తెచ్చి మన మెడకు కడతారు.

అలికిడికి లేచిన వాళ్ల నాయిన అడిగాడట.

“ఇంకా పండుకోలేదారా?”

“కాయితాలు అడుగుతున్నరు నాయినా.”

“ఇచ్చినవా?”

“ఇచ్చిన. ఇంకోటి తెమ్మంటున్నరు.”

“గట్లనా. అయితే వాళ్లకు పని చేసుడు ఇష్టం లేదు బిడ్డా, పండుకో.”

పాసుబుక్కులో ఒక్క అక్షరం సరిచేయించుకోవడానికి జిరాక్సులు మోసి చెప్పులరగ్గొట్టుకున్న మనిషి ఆయన. కంటైనర్ అంటే సాగర్ రోడ్డు మీద పోయే పెద్ద లారీ అనుకుంటాడు. రోగం మాత్రం సరిగ్గా పట్టుకున్నాడు.

పనిముట్టును తిట్టడం నా ఉద్దేశం కాదు. రెడ్‌హ్యాట్ వారి ఓపెన్‌షిఫ్ట్‌లో మస్ట్-గ్యాదర్ అని ఉంది. దాని పునాది అయిన కుబర్నెటీస్‌లోనే క్లస్టర్-ఇన్ఫో డంప్ ఉంది. నోడ్లు అనే యంత్రాల స్థితి, ఎట్‌సీడీ లాగులు, జరిగిన ఘటనల చిట్టా అన్నీ ఒక్క కమాండుతో మూట కడతాయి. ఎక్కడో కూర్చున్న ఇంజినీరుకు మన యంత్రం చూసే దారి మరొకటి లేదు గనక అవి ఉండాల్సిందే. కానీ చిత్రం చూడండి. మస్ట్-గ్యాదర్ నడవాలంటే ఆ జబ్బుపడిన క్లస్టర్‌లోనే తాత్కాలికంగా ఒక కొత్త పాడ్ లేవాలి. మంచం పట్టినవాడు లేచి వైద్యుణ్ణి భుజాన మోసుకు రావాలన్నమాట! అది లేవకపోతే ఒక్కో నోడ్‌లోకి దిగి ఆ యంత్రం స్థితి చెప్పే సాస్ రిపోర్టు తీయమంటారు.

ఇంకో ముచ్చట. కుబర్నెటీస్‌లో ఘటనల చిట్టా, ఎవరూ మార్చకపోతే, గంట దాటితే చెరిగిపోతుంది. పాడ్ ఎందుకు పడిందో చెప్పే సాక్షి ఆయుష్షు గంట. “ఫైలు పంపగలరు” అన్న ఉత్తరం రావడానికి ఒప్పందం ఇచ్చిన గడువూ గంటే. సాక్షి పోయాక తీరిగ్గా ఇంకో ఉత్తరం వస్తుంది: ఈసారి సమస్య మళ్లీ వచ్చినప్పుడు ఫైలు తీసి పంపగలరు.

ఆ డేటా సెంటర్‌కు బయటి ఇంటర్నెట్ ఉండదు కాబట్టి మూట ముందు పిల్లాడి ల్యాప్‌టాప్‌లోకి దిగాలి, అక్కడి నుంచి కంపెనీకి ఎక్కాలి. 2 జీబీ మూట, 4 ఎంబీపీఎస్ అప్‌లోడ్: గంటకు పైనే, నడుమ కరెంటు పోకుండా ఉంటే. ఎక్కిందనుకోండి, అప్పటికి షిఫ్టు మారి టికెట్ ఇంకో దేశానికి వెళ్లి ఉంటుంది. అక్కడి మనిషి మొదటి మాట: ఆడిట్ లాగులు ఇందులో లేవే! ఉండవు మరి, మస్ట్-గ్యాదర్ వాటిని విడిగా అడిగితేనే తీస్తుంది. ఆ సంగతి మొదటి ఉత్తరంలోనే రాస్తే సిరా ఖర్చా?

ఇక మూటలో ఏముందో చూద్దాం. రేచర్ల పద్మనాయకులు మా ఊళ్లో ఏడు కొండలను కలుపుకుని కోట కట్టారు. గుమ్మాలెక్కడ, దొడ్డిదారెక్కడ, బావులెక్కడ అని పటం గీసి, ముద్ర వేసి, పరాయి దేశపు కొట్లో భద్రపరచమని పంపిన రాజు మాత్రం వాళ్లలో లేడు. మనం పంపుతున్నాం. సర్వర్ల పేర్లు, లోపలి ఐపీలు, వెర్షన్లు అన్నీ అందులోనే. మస్ట్-గ్యాదర్ సీక్రెట్ల విలువలు తీయకుండా జాగ్రత్తపడుతుంది, నిజమే. కానీ డేటాబేస్ పాస్‌వర్డును ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పచ్చిగా రాసి పెట్టిన మన డెవలపర్ మహానుభావుడి సంగతేమిటి? అప్లికేషన్ నేమ్‌స్పేస్ కూడా పంపమన్నప్పుడు అదీ మూటెక్కుతుంది. ఐపీలు, డొమైన్ పేర్లు మరుగుపరిచే మస్ట్-గ్యాదర్-క్లీన్ అనే పనిముట్టూ ఉంది. రాత్రి రెండింటికి, పైనుంచి మేనేజర్ ఫోన్లు మోగుతుంటే, దాన్ని నడిపే ఓపిక ఎవరికుంటుంది?

భయపెడుతున్నానంటారా? కంపెనీల లాగిన్లకు తాళాలు వేసే ఆక్టా అనే సంస్థలో 2023లో దొంగ పడింది సరిగ్గా ఈ కొట్లోనే, కస్టమర్లు సపోర్టుకు పంపిన ఫైళ్ల కొట్లో. సెప్టెంబరు 28 నుంచి అక్టోబరు 17 దాకా 134 మంది కస్టమర్ల ఫైళ్లకు చేయి తగిలింది. వాటిలో బ్రౌజరు సంభాషణలు నమోదు చేసే హెచ్‌ఏఆర్ ఫైళ్లున్నాయి, ఆ ఫైళ్లలో లాగిన్ తాళంచెవుల్లాంటి సెషన్ టోకెన్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటితో ఐదుగురి సెషన్లలోకి దూరారు. క్లౌడ్‌ఫ్లేర్, వన్‌పాస్‌వర్డ్, బియాండ్‌ట్రస్ట్ తమమీదా పడ్డారని తామే చెప్పుకున్నాయి. భద్రత అమ్ముకునేవాళ్ల గతే ఇదైతే, మన బజారు పిల్లాడెంత?

అవతలి కుర్చీలో కూర్చున్నవాడూ చాలాసార్లు మనవాడే, ఏ కరీంనగరో కర్నూలో. ఇంగ్లీషులో ‘కైండ్లీ’ అంటాడు గాని లోపల వాడికీ నిద్రొస్తుంటుంది, వాడి మెడకూ గడియారమే. ఆ గడియారం కట్టి, ఒప్పందం రాసి, ఏటా ధర పెంచి, పన్నెండింటికి హాయిగా పడుకున్నవాళ్ల మీదే నా కోపం.

మా పిల్లాడి టికెట్ నాలుగో ఫైలు అడిగాక మూసుకుపోయింది. కారణం: కస్టమర్ నుంచి స్పందన లేదు. ఆ సమయానికి వాడు జబ్బుపడిన నోడ్‌ను తనే రీస్టార్ట్ చేసి పడుకున్నాడు.

మీకూ ఇలాంటి రాత్రి వస్తుంది. ఏ లాగు, ఏ సమయానిది, ఎందుకు అని ముందు వాళ్లనే రాసివ్వమనండి. మూట కట్టాక పంపేముందు అందులో ‘పాస్‌వర్డ్’ అని ఒక్కసారి వెతకండి. దొరికితే ముందు పాస్‌వర్డ్ మార్చండి, తర్వాతే పంపండి.