నంబర్ మామ

సోలాపూర్ తూర్పు పేటల్లో ఏ గల్లీలోకి వెళ్లినా మూడు కనిపిస్తాయి: ఆగకుండా కొట్టుకునే మరమగ్గం, వాకిట్లో చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు, ఒక నంబర్ మామ. మొదటి రెండూ సర్కారు లెక్కల్లోకి ఎక్కాయి. మూడోవాడిని ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టేవాడు ఆయనే కనుక.

అసలు పేరు రేషను కార్డుకీ, ఓటర్ల జాబితాకీ తప్ప ఎవరికీ అవసరం లేదు. పేటంతటికీ నంబర్ మామ. యాభై దాటిన మనిషి. తెల్ల పైజమా, సన్నగళ్ల చొక్కా, భుజాన టెర్రీ తువ్వాలు, చెవి మీద పెన్ను, చంకలో వంకరపోయిన నోటుబుక్కు. ఎక్కడైనా ఇద్దరు ఒకరి వెనక ఒకరు నిలబడితే చాలు, మూడోవాడిగా ప్రత్యక్షమవుతాడు. వాళ్లు నిలబడింది బ్యాంకు కోసమా, బస్సు కోసమా, ఊరికే నీడ కోసమా అన్నది తర్వాతి సంగతి. ముందు నోటుబుక్కు తెరుస్తాడు. "పేర్లు చెప్పున్రి" అంటాడు. పేరు చెప్పిన క్షణం నుంచి ఆ ఇద్దరూ లైను, ఆయన లైనుకు పెద్ద.

ఒకటో నంబరు మాత్రం ఎన్నడూ తీసుకోడు. "ఒకటో నంబరోడు కిటికీ కాడ తిట్లు తింటడు. రెండో నంబరోడు కాయిదం తక్కువుందని వాపసొస్తడు. ఆ ఇద్దర్ని చూసినోడు పని చేస్కొనొస్తడు." ఇదీ సిద్ధాంతం. లోకంలో నాయకులంతా ఎందుకు చెడిపోయారో ఇంత తక్కువ మాటల్లో చెప్పినవాళ్లు నాకు తారసపడలేదు.

ఈ విద్య ఆయనకు అమ్మానాన్నల నుంచి వచ్చిన ఆస్తి. 1877లో ఇక్కడ సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు వెలిసింది. దాని వెనకే మరికొన్ని. కరీంనగర్, నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలతో ఈ పేటలు నిండాయి. తెల్లవారుజామున మిల్లు భోంగా కూయగానే గేటు దగ్గర మనుషులు రెండుగా చీలేవాళ్లు. పర్మినెంటు వాళ్లు లోపలికి, బద్లీ వాళ్లు గోడ పక్కకి. లోపలివాడికి జ్వరమొస్తేనో, వాడి చెల్లెలి పెళ్లయితేనో ఆ పూటకి ఆ మగ్గం బద్లీవాడికి దొరికేది. అందరూ నిక్షేపంగా ఉన్న రోజు వాడికి పస్తు. మామ తండ్రి బద్లీ. పక్కవాడికి జ్వరం రావాలని దేవుణ్ణి కోరుకోకూడదు, కోరుకోకపోతే పొయ్యి వెలగదు. మార్కండేయ గుడిలో నిలబడి ఏమని మొక్కుకోవాలో తెలియక, కొడుకు చెప్పే ప్రకారం, ఆయన జీవితాంతం ఊరికే దండం పెట్టి వచ్చేసేవాడట.

తల్లిది బీడీల లైను. చుట్టిన బీడీలు కట్టలు కట్టి, తట్టలో సర్దుకుని కార్ఖానా బ్రాంచి ముందు కూర్చోవాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. లోపలివాడు కట్ట విప్పి, చూసి, బాగాలేవన్నవి పక్కకు నెట్టేదాకా మన వెయ్యి వెయ్యేనా అన్నది తేలదు. మామ నడక నేర్చుకున్నది ఆ లైన్లోనే. అందుకే ఆయన నడిస్తే ఇప్పటికీ రెండడుగులు వేసి ఒకసారి ఆగుతాడు.

మిల్లులు మూతపడ్డాయి, భోంగాలు మూగబోయాయి, లైన్లు మాత్రం పెరిగాయి. కిరోసిను లైను, ఆధారు లైను. 2006లో కుంభారి దగ్గర గోదుతాయి పరుళేకర్ పేరు మీద బీడీ కార్మికులకు పదివేల ఇళ్ల కాలనీ లేచింది కదా, ఆ కాలపు నోటుబుక్కులు మామ ఇంట్లో అటక మీద ఇంకా ఉన్నాయి. ఇక 2016 నవంబరు, పెద్దనోట్లు రద్దయిన నెల, ఆయన స్వర్ణయుగం. దేశమంతా ఏడుస్తుంటే మామ ఒక్కడే ఒళ్లు చేశాడు. పొద్దున ఆరింటికి బయల్దేరి మూడు బ్యాంకుల లైన్లు చూసుకుని రాత్రికి ఇల్లు చేరేవాడు. తన దగ్గర రద్దయ్యేంత నోట్లు ఎన్నడూ లేవు.

టీవీ ఆయన జీవితంలోకి ఆలస్యంగా వచ్చింది, అదీ ఆడవాళ్ల వల్ల. 2004లో మరాఠీలో 'హోమ్ మినిస్టర్' మొదలైంది. ఆదేశ్ బాందేకర్ 'భావోజీ'గా ఇంటికే వచ్చి, వదినెలతో ముచ్చట పెట్టి, ఆటలాడించి, గెలిచినామెకు పైఠణీ చీర ఇచ్చిపోయేవాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ మాట్లాడే మా ఆడవాళ్లు ఆ భావోజీని సొంత మరిదిని చేసుకున్నారు. 2022లో అదే కార్యక్రమం 'మహామినిస్టర్' పేరుతో పదకొండు లక్షల పైఠణీ పందెం పెట్టింది. రాష్ట్రమంతా ఆ చీర ఎవరికొస్తుందా అని చూసింది. మా పేటలో మగవాళ్లు మాత్రం టీ కొట్టు దగ్గర వేరే లెక్క వేశారు. జరీ ఎంత పోసి ఉంటారు, ఎన్ని నెలలు నేసి ఉంటారు, చివరికి "నేసినోనికి ఎంతిచ్చిండ్రు?" ఆ ప్రశ్నకు జవాబు ఏ ఎపిసోడ్‌లోనూ దొరకలేదు. 2019లో 'కోణ్ హోణార్ కరోడ్‌పతి' యాంకరు కుర్చీలో సినిమా దర్శకుడు నాగరాజ్ మంజుళే కూర్చున్నప్పుడు సంగతి ఇంకా ముదిరింది. ఆయన మా జిల్లా కర్మాళా తాలూకా జేవూర్ మనిషి. జిల్లాలో సగం మందికి చుట్టరికం కలిసింది. మిగతా సగానికి క్లాస్‌మేటయ్యాడు.

అందుచేత ఏ ముంబయి ఛానెలైనా ఊళ్లో ఆడిటోరియం తీసుకుని, ఏ సినిమావాళ్లతోనో మాటల కార్యక్రమం షూటింగ్ పెట్టిందంటే, పాసులు ఉచితమంటే, మామకు ఆ రోజు పండగ. సాయంత్రం నాలుక్కి గేటు తీస్తారంటే పొద్దున ఎనిమిదికే చేరతాడు. ముందే వచ్చిన ఇద్దరు కాలేజీ పిల్లలు ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. వాళ్ల వెనక తువ్వాలు పరుస్తాడు.

ఆ తువ్వాలు సంగతి చెప్పాలి. సోలాపూర్ తువ్వాళ్లు దేశదేశాలకు పోతాయి. స్పెయిన్ సముద్రం ఒడ్డున హోటళ్లలో జర్మన్లు, బ్రిటిష్ వాళ్లు తెల్లవారకముందే లేచి పడక కుర్చీల మీద తువ్వాళ్లు పరిచి జాగా పట్టుకుంటారని, తర్వాత దాని కోసం కొట్టుకుంటారని పేపర్లలో వస్తుంటుంది. ఇది చదివి వినిపిస్తే మామ ఆశ్చర్యపోలేదు. "మరి తువ్వాలెందుకుంటది?" అన్నాడు. తడి తుడుచుకోవడానికన్న విషయం ఆయనకు కొత్త.

పదకొండయ్యేసరికి లైను రోడ్డెక్కుతుంది. మామ రాజ్యం మొదలవుతుంది. పిల్లలతో తెలుగు, సెక్యూరిటీతో మరాఠీ, చెరుకురసం బండివాడితో కన్నడం, ఎవడైనా మధ్యలో దూరితే హిందీ. కోపానికి హిందీయే సరిపోతుందని సోలాపూర్ నాలుగు భాషలవాళ్లూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న సంగతి. ఎవరికి ఎంతసేపు సెలవో ఆయనే నిర్ణయిస్తాడు. టీకి పావుగంట, భాకరీకి అరగంట, పసిపిల్లల తల్లికి అడిగినంత. జాగా పట్టడంలోనూ శాస్త్రముంది. చెప్పు పెడితే గంట చెల్లుతుంది. సంచి పెడితే రెండు గంటలు. మనిషికి మనిషిని పెడితే గేటు తీసేదాకా.

"అక్కా, నువ్వొక్కదానివే ఉన్నవు. ఏడుగురి పేర్లు రాయమంటున్నవు."

"వస్తున్నరు మామా. పెద్దాడపడుచు రిక్షాల ఉంది."

"తక్కిన ఐదుగురు?"

"నలుగురు ఆమె బిడ్డలే."

"మరి ఏడోది?"

"మా అత్త. ఆమె రాదు. పేరుంటె ఇంట్ల మంచిగుంటది."

మామ ఏడు పేర్లూ రాస్తాడు. అత్తగారి పేరు ముందు రాస్తాడు. లైను నడపడం తెలిసినవాడికి ఇల్లు నడపడం తెలియకుండా ఉంటుందా!

పెద్ద చదువు చదివిన మేనల్లుడు ఒకడు అమెరికా నుంచి వచ్చి ఆ మధ్య ఈ లైన్లో దొరికిపోయాడు. అక్కడి టాక్‌షోలకూ టికెట్లు ఉచితమేననీ, కుర్చీల కన్నా ఎక్కువ టికెట్లు పంచుతారనీ, టికెట్టున్నా లోపలికి పోతామన్న గ్యారంటీ లేదని ముందే చెబుతారనీ, ఖాళీ కుర్చీ కెమెరాలో కనబడకూడదన్నదే దీనికంతటికీ కారణమనీ వివరించాడు. ఆస్కార్ సభలోనైతే ఎవరైనా తార బాత్రూంకి లేస్తే ఆ కుర్చీలో కూర్చోవడానికి సూటూబూటూ వేసిన మనుషుల్ని పక్కన సిద్ధంగా ఉంచుతారన్నాడు.

మామ మధ్యలోనే అందుకున్నాడు. "బద్లీ."

"కాదు మామా, సీట్ ఫిల్లర్స్ అంటారు."

"పేరేదైతె ఏంది. మగ్గం ఖాళీగుండొద్దని మా నాయిన్ని గోడకాడ నిలబెట్టిండ్రు. కుర్చీ ఖాళీగుండొద్దని గాళ్లను నిలబెట్టిండ్రు. కూలెంతిస్తరు?"

మేనల్లుడికి తెలియదు. దాన్ని కప్పిపుచ్చడానికి ఓప్రా విన్‌ఫ్రే కథ ఎత్తుకున్నాడు. 2004లో షో చూడటానికి వచ్చిన 276 మందికీ తలా ఒక కారు ఇచ్చింది! లైను లైనంతా చెవులు రిక్కించింది. అయితే ఆ కారును ఆదాయం కింద లెక్కకట్టి సర్కారు పన్ను అడిగిందనీ, ఒక్కొక్కరికి ఏడు వేల డాలర్ల దాకా పడిందనీ చెప్పేసరికి, మామ నోటుబుక్కులోంచి తలెత్తకుండా, "అందుకే ఈడ చాయ్ గూడ ఇయ్యరు. మన మంచికే" అన్నాడు. లైనుకు ఊరట కలిగింది.

నాలుగవుతుండగా మామ ముఖం మారుతుంది. చాలామంది అది ఉత్సాహమనుకుంటారు. నేను గమనించినంతలో అది దిగులు. మూసిన తలుపు ముందు ఆయన పెద్ద. పోలీసూ ఆయన్నే అడుగుతాడు, పాసులు పంచే కోఆర్డినేటరూ ఆయన్నే అడుగుతుంది. తలుపు తీసిన మరుక్షణం లైను గుంపవుతుంది, నోటుబుక్కు చిత్తుకాగితమవుతుంది, ఆయన గళ్లచొక్కా వేసుకున్న ఒక ముసలాయన అవుతాడు. అందుకే గేటు అరగంట ఆలస్యమని తెలిస్తే అందరూ ఉసూరుమంటే, మామ పెన్నుకు మూత తీస్తాడు. "మళ్లొకపారి హాజరు తీస్కుందాం."

గేటు దగ్గర ఆయన్ని ఆపేది కూడా ఆ చొక్కాయే. "కాకా, సన్నగళ్లు వద్దు, కెమెరాలో కదులుతయి. వెనక వరసలో కూర్చోండి" అంటుంది కోఆర్డినేటర్ పిల్ల. బట్టలో గళ్లున్నట్టే కెమెరా బొమ్మలోనూ సన్నటి వరసలుంటాయి. రెండు వరసలూ ఒకదాని మీద ఒకటి పడితే గీతలు అలల్లా ఊగుతాయి. మొన్నటి షూటింగులో ఇది విని మామ నొచ్చుకోలేదు, పొంగిపోయాడు. "అంటే కెమెరాల గూడ పడుగు పేక ఉన్నయన్నట్టు!" ముంబయి యంత్రం తన కులవృత్తిలోకి వచ్చి చేరినందుకు ఆ పిల్లకు ఆశీర్వాదం పెట్టి చివరి వరసకి నడిచాడు.

లోపల చలి. పేటలో మండే ఎండకు అలవాటైన జనం తువ్వాళ్లు కప్పుకున్నారు. ముందు చప్పట్ల రిహార్సలు. తర్వాత నవ్వుల రిహార్సలు. అతిథి రాకముందే, జోకు పుట్టకముందే అందరూ పగలబడి నవ్వాలి. కెమెరా ఆ నవ్వులు పట్టుకుని దాచుకుంటుంది, కావలసిన చోట అతికించుకుంటారు. మగ్గం ఎక్కకముందే అడ్వాన్సు తీసుకునే ఊరు కనుక మావాళ్లు ఇందులో తడబడలేదు. మామ ఒక్కడే నవ్వలేదు. ఆయన వరసలు లెక్కపెడుతున్నాడు.

అతిథి వచ్చాడు, మాట్లాడాడు, కళ్లు తుడుచుకున్నాడు. లైటు కుదరలేదని మళ్లీ వచ్చాడు, మళ్లీ మాట్లాడాడు, మళ్లీ అక్కడే తుడుచుకున్నాడు. రాత్రి పదింటికి వదిలారు. బయట ఫోన్లు తిరిగిచ్చే బల్ల మీద జనం విరుచుకుపడ్డారు. ఎవరి ఫోను ఎవరిదో తెలియక బల్ల వెనక కుర్రాడు ఏడుపు ముఖం పెట్టాడు. అంతలో చీకట్లోంచి ఒక గొంతు, మూడు భాషల్లో, ఒకదాని వెనక ఒకటి: "పేర్లు చెప్పున్రి. నావ్ సాంగా. నామ్ బోలో!" గుంపు రెండు నిమిషాల్లో లైనయింది. తన కారు దాకా దారి లేక ఇరుక్కుపోయిన యాంకరు కూడా మామ చెయ్యి చూపించిన చోట బుద్ధిగా నిలబడ్డాడు. మామకు ఆయనెవరో తెలియనట్టుంది. పేరడిగాడు.

పదకొండున్నరకి ఇల్లు చేరితే అత్త భాకరీ, శెంగా చట్నీ ముందు పెట్టి అడిగింది. "లోపల ఏం మాట్లాడిండ్రు?"

"ఏమో. ముప్పై రెండు మందికి జాగ దొరకలె."

"గంతసేపు గూసొని ఒక్క ముచ్చటన్న ఇన్లేదా?"

"ఇన్న. కుర్చీలు వరసకు ఇరవై. ఆఖరి వరసల పద్దెనిమిదే."

అత్త తల కొట్టుకుంది. "రేపు రేషను దుకాణంల జొన్నలొస్తయంట. పోయి నిలబడు."

మామ తినడం ఆపాడు. "ఎన్ని గంటలకు తెరుస్తరు?"

"పదింటికి."

"అయితె ఆరింటికి లేపు."

"అంత పొద్దుగాల ఎవరొస్తరు?"

"ఇద్దరు రాకపోతరా!"