ఎలక్ట్రీషియన్ చీటీకి టీకా తాత్పర్యం

మూలం

"హాల్లో పన్నెండు, బెడ్రూముల్లో ఆరేసి, కిచెన్‌కు మధ్యలో ఒకటి, మెట్లకు ఒకటి. మిగతాది తర్వాత చూద్దాం సార్."

అవతారిక

స్లాబు సెంట్రింగు విప్పేసి, గోడలకు ప్లాస్టరింగు ఇంకా మొదలుకాని శుభసమయంలో, గృహస్థు, అనగా నేను, "లైట్లకు ఎంతవుతుందయ్యా?" అని అడిగాను. ఎలక్ట్రీషియన్ వైరు డబ్బా అట్ట చింపి, చెవిమీది పెన్సిలు తీసి, ఈ వాక్యాన్ని అనుగ్రహించాడు. మా ఆవిడ ఫోన్లో ఉన్న వాట్సాప్ ప్రతిలో "పన్నెండు"కు "పద్నాలుగు" అని పాఠాంతరం కనిపిస్తోంది. అది ఫాల్స్ సీలింగు చేసే అతను చేర్చిన ప్రక్షిప్తమని నా నిశ్చయం.

కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మన మెదక్ సీమలోని కోలాచలం. మూలాన్ని దాటి మాట్లాడనని ఒట్టు పెట్టుకున్న మహానుభావుడు. నేనూ దాటను. తేడా ఒక్కటే, ఆయన వ్యాఖ్యానించిన కవులెవరూ ఆయన్ని అడ్వాన్సు అడగలేదు.

ప్రతిపదార్థం

హాల్లో = పన్నెండడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు గల గదియందు; పన్నెండు = సీలింగుకు కన్నాలు చేసి గుచ్చదగిన 12 వాట్ల గుండ్రటి లైట్లు, సంఖ్యలో కూడా పన్నెండే; ఆరేసి = ఒక్కో గదికి ఆరు చొప్పున, నిద్రించుట కొరకు కాబోలు; కిచెన్‌కు మధ్యలో = గరిట పట్టిన మనిషి వీపు వెనుక; ఒకటి = ఒక్కటంటే ఒక్కటి; మెట్లకు ఒకటి = స్విచ్చు కింద మాత్రమే కలది; మిగతాది = మిక్కిలి ముఖ్యమైనది; తర్వాత = గోడలకు లప్పం, రంగు అయిన పిమ్మట; చూద్దాం = మళ్లీ గాడి కొడదాం; సార్ = ఓ డబ్బు ఇచ్చువాడా!

తాత్పర్యం

అయ్యా! నువ్వు అడిగింది వెలుగు. నేను రాసింది లైట్లు. రెంటికీ గల భేదం గృహప్రవేశం నాటి రాత్రి తెలియగలదు.

విశేషాలు

హాల్లో పన్నెండు: ఇది అతిశయోక్తి. పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు వాట్లు. వాటుకు వంద ల్యూమెన్లకు కాస్త తక్కువ వేసుకున్నా 13 వేల ల్యూమెన్లు. గది వైశాల్యం దాదాపు 17 చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరుకు ఏడెనిమిది వందలు. పట్టుచీరల దుకాణానికి సరిపోతుంది. నలుగురు కూర్చుని టీవీ చూసే గదికి నూటయాభై చాలు. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు ఎదురెదురు గోడలకు బిగిస్తే అంతకు మించే వస్తుంది, గోడలకు తెలుపో లేత రంగో వేస్తే మరీను.

"ఎల్‌ఈడీలే కదా, కరెంటు ఎంత కాలుతుంది?" అని పూర్వపక్షం. రోజుకు ఐదు గంటలు వేస్తే పన్నెండింటికీ నెలకు దాదాపు 22 యూనిట్లు, రెండు ట్యూబులకు ఆరు. ఈ తేడాతో కొంప మునగదని ఒప్పుకుంటాను. మునిగేది వేరేచోట. సీలింగు లైట్లలో ఒకదాని డ్రైవరు పోయిందనుకోండి, అదే కొలత కన్నానికి పట్టే లైటు కోసం ఊరంతా తిరగాలి. ట్యూబు పోతే స్టూలెక్కి మార్చుకోవడమే. పైగా ఫ్యాను రెక్కలకు పైన లైటు పడిందా, గదంతా పాత సినిమా రీలులా రెపరెపలాడుతుంది. ఈ రెండో సంగతి చీటీ రాసినవాడికి తెలుసు. అడిగితే చెప్పాడు. అడగకపోతే చెప్పడు.

మా తాతగారింట్లో రెండు గదుల మధ్య గోడకు కన్నం పెట్టి అందులో ఒకే బల్బు వేలాడదీశారు. అటు వంటిల్లు, ఇటు పడకగది. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామాయణమూ భారతమూ అయినట్టు, ద్వ్యర్థి బల్బు అన్నమాట. వెలుగు ఖరీదైన రోజులవి. ఆనాటి 60 వాట్ల బల్బు ఇచ్చే కాంతిని ఇవాళ తొమ్మిది వాట్లది ఇస్తోంది. నీలం రంగు ఎల్‌ఈడీని సాధించిన అకసాకి, అమానో, నకమురలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. నీలికాంతికి పసుపుపచ్చని పూత తోడైతేనే తెల్లని వెలుగు. ఎల్‌ఈడీ బల్బులను చవగ్గా పంచడానికి 2015 జనవరిలో వచ్చిన పథకానికి ఉజాలా అని పేరు పెట్టారు. బట్టల నీలిమందు పేరూ అదే. నీలంతో తెలుపు తేవడం రెండింటా సమానం కనుక పేరు అన్వర్థం. వెలుగు చవకైంది కనుకనే చీటీలో అంకెలు ఇలా ఉబ్బాయి.

కిచెన్‌కు మధ్యలో ఒకటి: దీపం వెలిగించగా చీకటి కలుగుతున్నది కనుక విరోధాభాసమని ఆలంకారికులు అనవచ్చు. కానీ ఇది ఆభాసం కాదు, ఉత్త విరోధం. లైటు వీపు వెనక, కత్తిపీట కడుపు ముందు. మధ్యలో మనిషి. ఇప్పటి అద్దె ఇంట్లో ఇదే ఏర్పాటు. "వంకాయలతోపాటు నా నీడను కూడా తరుగుతున్నానండీ" అని మా ఆవిడ ఆరేళ్లుగా చెబుతోంది. నేను దాన్ని కవిత్వమనుకున్నాను. గట్టు మీది అలమరల అడుగున పది వాట్ల సన్నటి పట్టీ ఒకటి చాలు. దాని వైరు టైల్స్ అతికించకముందే గోడలోంచి బయటికి తీసి ఉంచాలి. ఆ తర్వాతైతే టైలు పగలాలి.

రంగు: మూలంలో లేదు. 3000 కెల్విన్లది పసుపు ఛాయ, 6500ది నీలి తెలుపు. ఒకే గదిలో రెండూ కలపకుండా ఉంటే చాలు.

మెట్లకు ఒకటి: కింద వేసి పైకెక్కినవాడు ఆర్పడానికి మళ్లీ కిందికి దిగాలి. దిగి, చీకట్లో ఎక్కాలి. టూ-వే స్విచ్చులు రెండు, కొంచెం వైరు, అంతే ఖర్చు. పడకగదిలో గుమ్మం దగ్గరొకటి, మంచం దగ్గరొకటి కూడా ఇదే కోవలోవి.

మిగతాది తర్వాత: వాక్యానికి ప్రాణం ఇక్కడుంది, తప్పూ ఇక్కడే ఉంది. తర్వాత చూసుకోవలసినవి బల్బులు. షోకు లైట్లు, షాండిలియర్లు దసరాకో, వచ్చే ఏడాదో కొనుక్కోవచ్చు. అంతదాకా ప్రతి పాయింటుకూ ఒక హోల్డరూ ఒక తొమ్మిది వాట్ల బల్బూ పెట్టుకుంటే ఇల్లు వెలగనని మొరాయించదు. పైపు, వైరు, స్విచ్చు బాక్సు మాత్రం ప్లాస్టరింగు కింద పడేవి. అతను ముందు లైట్ల లెక్క రాసి పాయింట్లను తర్వాతకు నెట్టాడు. అన్వయం తలకిందులైంది.

సవరించిన పాఠం అతనికి చదివి వినిపించాను. లైట్లు ముప్పావు వంతు తగ్గాయి, పాయింట్లు ఏడు పెరిగాయి. కూలీ పాయింటు లెక్కన కనుక మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు.

ప్లాస్టరింగువాళ్లు సోమవారం వస్తున్నారు. ఇల్లు కట్టుకుంటున్న పాఠకులకు ఒక మనవి: పైపులు మూసెయ్యకముందే ప్రతి గోడకూ టేపు ఆనించి ఫోటో తీసి పెట్టుకోండి. రేపు మేకు కొట్టేటప్పుడు ఆ ఒక్క ప్రతే ప్రమాణం.