పేరు తెలియని ప్రశ్నపత్రకర్త గారికి, బర్కత్‌పుర నుంచి

అయ్యా/అమ్మా,

గ్రూప్స్ పేపరు కూర్చే మీరెవరో, ఎక్కడుంటారో ఎవరికీ తెలియదు. తెలిస్తే పరీక్షే రద్దవుతుంది. మామూలు ఉత్తరం వేద్దామంటే చిరునామా లేదు కనుక ఈ బహిరంగ లేఖకు దిగాను.

నేను బర్కత్‌పుర చమన్ దగ్గర ఇంటి ఓనర్ని. మేడ మీద గదుల్లో గ్రూప్స్‌కు చదివే పిల్లలుంటారు. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకో, అశోక్‌నగర్ స్టడీ హాల్‌కో వెళ్లి రాత్రికి గానీ రారు. బట్టలు ఆరేస్తూ కూడా ‘గోబద, నారన, కంవాయ, సమగోప’ అని వల్లిస్తుంటారు. మా ఆవిడ అవేవో మందుల పేర్లనుకుంది. శాతవాహనులకు ముందటి రాజులట, కోటిలింగాలలో వాళ్ల నాణేలు దొరికాయట. ఆ నాణెం ఎంతుంటుంది, ఎప్పుడైనా చూశారా అని అడిగితే, ‘అది సిలబస్‌లో లేదంకుల్’ అన్నాడొక కుర్రాడు.

పోనీ మ్యూజియాలు దూరమా? చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ ఎంజీబీఎస్. అక్కణ్నుంచి సాలార్‌జంగ్‌కు నడిచిపోవచ్చు. లేదా అక్కడే రైలు మారి అసెంబ్లీ దగ్గర దిగితే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్, అందులో రాష్ట్ర మ్యూజియం. నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చిన ఈజిప్టు మమ్మీ ఉన్నది అక్కడే. ఫణిగిరి శిల్పాలైతే 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ‘ట్రీ అండ్ సర్పెంట్’ ప్రదర్శనకు వెళ్లాయి. ఆ వార్త మా పిల్లలకు కరెంట్ అఫైర్స్ కింద కంఠతా వచ్చు. రాళ్లు న్యూయార్క్ దాకా వెళ్లాయి గానీ అశోక్‌నగర్ వాళ్లు నాంపల్లి దాకా వెళ్లలేదు.

తప్పంతా వాళ్లదే అననులెండి. ఒకసారి ఆ కుర్రాణ్ని పోరుపెట్టి ఒకానొక మ్యూజియానికి తీసుకెళ్లాను, పేరెందుకు. శిల్పం కింద చీటీ: ‘స్త్రీమూర్తి. నల్లరాయి. 12వ శతాబ్దం.’ వాడు చదివి, ‘ఇదీ బిట్టే కదంకుల్, ఆప్షన్లు లేవంతే’ అన్నాడు. నేనేం చెప్పను? ఏ గుడిది, ఏ గోడలో ఉండేది, ముక్కెలా విరిగింది, ఇక్కడికెవరు తెచ్చారు, ఒక్క ముక్క లేదు. చీటీ చూస్తే మోకాలి ఎత్తున. చదవాలంటే సాష్టాంగపడాలి. దీపం మన వీపు వెనక, మన నీడ ఆ తల్లి మొహం మీద.

అలాగని చూపించడం చేతకాని ఊరు కాదిది. సాలార్‌జంగ్‌లో ఒకే దుంగలో చెక్కిన జంట బొమ్మ ఉంది. ముందువైపు మెఫిస్టోఫిలిస్, వెనకవైపు మార్గరెటా. దాని వెనక నిలువుటద్దం పెట్టారు. ఎదురుగా ఛాతీ విరుచుకున్న దయ్యం, అద్దంలో తల వంచుకున్న పిల్ల. అద్దం తీసేస్తే మనకు దక్కేది సగం బొమ్మే. చీటీ చదవనివాడికి కూడా సంగతి తెలిసిపోతుంది. ఇక అక్కడి గడియారం సరేసరి. గంట కావస్తుంటే జనం వచ్చి కుదురుగా కూర్చుంటారు. గడ్డం మనిషి తలుపులోంచి వచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. మనవాళ్లు ఒక వస్తువు ముందు అంతసేపు ఫోను మరిచి కూర్చోవడం నేనింకెక్కడా చూడలేదు. మనిషిని ఎక్కడ ఆపాలి, ఏ ఎత్తులో చూపాలి, ఏ వెలుతురు పెట్టాలి అన్నది పెద్ద విద్యే. అది నేర్పడానికి బరోడా విశ్వవిద్యాలయంలో మ్యూజియాలజీ విభాగం 1952లోనే పెట్టారు.

నా మనవి చిన్నది. ఏ గైడులోనూ దొరకని, వెళ్లి చూస్తేనే తెలిసే బిట్టు ఒక్కటి ఇవ్వండి. ‘అద్దంలో కనిపించేది ఎవరు?’ అని మాత్రం అడక్కండి. పైన నేనే లీక్ చేశాను, కేసవుతుంది. మెయిన్స్‌లో ఇంకొకటి: ‘మీకొక కోటిలింగాల నాణెం, చిక్కడపల్లి లైబ్రరీలో ఒక గోడ ఇచ్చాం. ఎలా ప్రదర్శిస్తారు? చీటీ 40 మాటలు మించరాదు.’ పక్కనుంచి వెలుతురు పడితేనే అరిగిన అక్షరాలు తేలతాయని, రెండో ముఖం కనబడటానికి కింద అద్దం కావాలని, పెద్దవాగు గోదావరిలో కలిసే చోటు పటంలో చూపాలని రాసినవాళ్లకు మార్కులు దండిగా వేయండి. భూతద్దం గుర్తొచ్చినవాళ్లకు ఇంకో మార్కు.

ఇందులో నా స్వార్థమూ ఉంది. మీ కీలో ఒక్క జవాబు తప్పితే సాయంత్రానికి అభ్యంతరాలు, మర్నాడు ధర్నా, ఆపైన హైకోర్టు. మ్యూజియం చీటీలో తప్పుంటే అడిగే నాథుడు లేడు, అది ఏళ్ల తరబడి అలాగే వేలాడుతుంది. మీరు ఆ ఒక్క బిట్టు ఇస్తే చాలు, ఈ పిల్లలంతా నోటుబుక్కులతో గ్యాలరీల మీద పడతారు. ఒక శతాబ్దం అటూ ఇటూ అయినా వాళ్లు ఊరుకునే రకం కాదు.

అన్నట్టు, సాలార్‌జంగ్‌కూ రాష్ట్ర మ్యూజియానికీ శుక్రవారం సెలవు. హాల్ టికెట్లు గురువారం రాత్రి మాత్రం విడుదల చేయించకండి.

ఇట్లు,
బర్కత్‌పురలో ఒక ఇంటి ఓనరు