పల్నాటి బడులలో పౌరనీతి బోధించు విధము

పౌరనీతి బోధింపబూనిన పల్నాటి ఉన్నత పాఠశాలోపాధ్యాయునకు మొదట కావలసినది పాండిత్యము గాదు, నిద్రపుచ్చగల గంభీరకంఠము. ప్రార్థనా సమావేశమున ప్రతిజ్ఞను, అది 1962లో తెలుగువాడైన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు రచించినదను ముచ్చట ఎత్తకయే, చాచిన చేయి నొప్పిపుట్టక మునుపే ముగియునంత వేగముగ పలికింపవలయును. అర్థము తోచుటకు వ్యవధి యిచ్చినచో ప్రశ్నలు పుట్టును, ప్రశ్నలు పుట్టినచో సిలబసు వెనుకబడును.

పిదప ప్రాథమిక విధులు. 1976లో నలువదిరెండవ సవరణచే రాజ్యాంగమున చేరిన పదింటిని నల్లబల్లపై వ్రాసి, నోట్సులో ఎక్కించి, ఎఱ్ఱసిరాతో సంతకము పెట్టిన చాలును. ఆరేండ్లు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల బిడ్డలకు తల్లిదండ్రులు చదువుకొను అవకాశము కల్పింపవలయునని 2002లో చేరిన పదునొకండవ విధి కొంత చిక్కైనది. ఏలయన దానిని బోధించునాటికి మిరప కోతలు ముమ్మరముగ నుండి, ఎనిమిదవ తరగతిలో మూడవ బల్ల సగము ఖాళీయై యుండును. ఆ బల్లవైపు చూడక చదువవలయును. కోతకు పోయిన పిల్లకు హాజరుపట్టీలో ఏ గుర్తు వేయవలయుననునది ప్రధానోపాధ్యాయులవారి చిత్తము.

స్థానిక చరిత్రతో పాఠమును రక్తికట్టింపుడని శిక్షణ తరగతులలో చెప్పుదురు. పల్నాట ఇది మిక్కిలి అపాయకరమైన సలహా. ఈ నేల ఎచ్చట త్రవ్వినను పౌరనీతియే బయల్పడును. బ్రహ్మనాయుడు సర్వకులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించిన కథను చెప్పవచ్చును గాని, మధ్యాహ్న భోజనపు గంటకు ముందు మాత్రము చెప్పరాదు: డొక్కా సీతమ్మగారి పేర పెట్టిన ఆ భోజనమునకు వరండాలో ఎవరి సరసన ఎవరు కూర్చుండిరో, ఎవరు ఇంటినుండి క్యారేజి తెచ్చుకొని ఎడముగ తినుచున్నారో, పిల్లలే లెక్కపెట్టి మన మొగము చూతురు.

కన్నెగంటి హనుమంతు పాఠమును తేదీతోనే ముగింపవలయును. 1922 ఫిబ్రవరి 22 అని వ్రాసిన మార్కు వచ్చును. అడవిలో పశువులను మేపుకొన్నందుకు పుల్లరి కట్టుమన్న సర్కారుతో ఆయన ఏల కట్టననెనో, తుపాకులకు ఎదురేల నిలిచెనో విడమరచినచో, ధిక్కరించుట సైతము పౌరధర్మమేనా యని వెనుక వరుసలో ఒకడు లేచి అడుగును. అట్టివానిని మంచినీళ్ళు తెమ్మని పంపుడు.

కారెంపూడి వీరుల తిరునాళ్ళలో రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు దినముల వేడుకను ఏటేట కనులార చూచెడి పిల్లలకు పల్నాటి యుద్ధకథ మనకంటె బాగుగ తెలియును. కోడిపందెమున ఓడిన మాచెర్లవారు ఆడిన మాటకు కట్టుబడి ఏడేండ్లు వలసపోయిరట. గడువు తీరి తమ భాగము నడుగ వచ్చిన రాయబారిని గెలిచిన గురజాల పక్షమువారు బ్రతుకనీయలేదట. ఓటమిని ఒప్పుకొనుట కష్టమా, గెలుపును జీర్ణించుకొనుట కష్టమా యను చర్చకు ఇంతకంటె తగిన కథ దొరకదు గనుక, దీనిని ఎన్నికల పాఠము దరిదాపులకు రానీయరాదు.

ఎన్నికల పాఠమునకు పుస్తకములోని బొమ్మయే చాలును. 2024 మే 13న మాచెర్ల నియోజకవర్గమునందలి పాల్వాయిగేటు పోలింగు కేంద్రములో ఓటుయంత్రమును నేలకేసి కొట్టిన దృశ్యము పిల్లల యిండ్లలోని ఫోనులన్నిటికిని వచ్చినదే; పిదప జిల్లాలో 144వ సెక్షను విధించినదియు వారెఱుగనిది కాదు. మన తరగతిగదియే పోలింగు కేంద్రమైయున్నను చింతలేదు: గోడపై మిగిలిన కేంద్రపు సంఖ్యకు సున్నము కొట్టించి, బడులు తెఱచిన పిదప, ‘ప్రజాస్వామ్యము, దాని లక్షణములు’ అను పాఠమును ఆ గోడకు వీపు ఆనించియే ఆరంభింపవచ్చును.

ఇక తరగతి నాయకుని ఎన్నిక. సాధన లేని బోధ నిష్ఫలమని పెద్దలందురు గనుక దీనిని మానరాదు. రహస్య ఓటన్నచో కాగితములు వృథా, చేతులెత్తింపుడు. ఎత్తిన చేతులను లెక్కపెట్టు పనిని మాత్రము, కాలయాపనము లేకుండ, పోటీకి నిలిచినవారిలో కండబలము గలవానికే అప్పగింపుడు.