ఆడికృత్తిక పొద్దున డీజిల్ ఫిల్టరు

పాత మహీంద్రా జీపుకు ఇంటి దగ్గరే డీజిల్ ఫిల్టరు మార్చుకోవాలనుకునేవాళ్లు ముందుగా మంచిరోజు చూసుకోవాలి. నా అనుభవంలో ఆడికృత్తికను మించింది లేదు. ఆ పొద్దున నగరిలో సగం ఊరు కావడి భుజానేసుకుని తిరుత్తణి దారి పట్టి ఉంటుంది. మెకానిక్ షెడ్లకు తాళాలు. స్పేర్ పార్టుల కొట్లకు తాళాలు. మన ఇంట్లో చిన్నాపెద్దా తొమ్మిదిమంది తలకు పోసుకుని, పసుపుబట్టలు కట్టుకుని, కావడి ఎవరు పట్టుకోవాలన్న తగువులో ఉంటారు. సరిగ్గా అప్పుడు "పది నిమిషాల పని" అనేసి బానెట్ ఎత్తండి. ఈ మాట వాకిట్లో అందరికీ వినబడేలా అనాలి. తర్వాత మీకు గుర్తు చేసేవాళ్లు కావాలి కదా.

నెల ముందే మార్చొచ్చు గదా అని అడిగేవాళ్లుంటారు. నెల ముందే బండి చెప్పింది, నిజమే. పుత్తూరు రోడ్డులో లారీని దాటబోతే దగ్గడం మొదలుపెట్టింది. ఖాళీగా, నింపాదిగా పోతే బాగానే ఉంటుంది. బరువు మీద కాలు నొక్కితే జావగారిపోతుంది. ఫిల్టరు పూడుకుపోయిన బండి నడిచే తీరే అది. మనం మాత్రం ఆ తప్పు బండి వయసు మీదికో, మొన్న దాన్ని తోలిన బావమరిది మీదికో నెట్టేయాలి. ఢిల్లీలో 10 ఏళ్లు దాటిన డీజిల్ బండి రోడ్డెక్కకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది. మా జీపు ఆ వయసు దాటి చాన్నాళ్లయింది. మా ఇంట్లో దానికింకా ముద్దుపేరుంది.

ఫిల్టరు మార్చడమంటే సరదా పుట్టాలంటే అది ముందు బాగా పూడుకోవాలి. అందుకు నగరి అనువైన ఊరు. తమిళనాడు పక్కనే ఉంది, అక్కడ డీజిల్ లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ. కాబట్టి పొలిమేర దాటి ట్యాంకు నింపుకోవడంతో ఆగకండి, రెండు ప్లాస్టిక్ క్యాన్లు కూడా నింపి గోడవార ఎండలో ఆరు నెలలు పెట్టండి. క్యాను లోపల చెమ్మ పట్టి, ఆ నీళ్లు అడుగుకు దిగుతాయి, నీళ్లు డీజిల్ కంటే బరువు గనుక. నీళ్లకూ డీజిల్‌కూ నడుమ పాచిలాంటి జిగురు పేరుకుంటుంది. ఆ చివరి గ్లాసెడు పారబోయడానికి ఎవరికి మనసొప్పుతుంది? మేం చుక్క మిగలకుండా ట్యాంకులోకే ఒంపాం. మొత్తం మీద ఎంత మిగిలిందో లెక్క వేయకండి. కొత్త ఇంజెక్టర్ల ఖరీదు పక్కన ఆ అంకె బాగుండదు.

ఇక ఫిల్టరు కొనడం. కొట్లో "మైకోది ఇవ్వబ్బా" అనండి. బెంగళూరులో 1951లో మొదలైన ఆ కంపెనీ 2008లోనే బాష్‌గా పేరు మార్చుకుంది, అయినా మనకు ఇప్పటికీ మైకోనే. రెండు రకాల పెట్టెలు చూపిస్తారు. ఒకదాని ధర రెండోదానిలో సగం, దాని మీద కంపెనీ పేరులో ఒక అక్షరం ఎక్కువ. అక్షరం ఎక్కువ, డబ్బు తక్కువ. ఇంతకంటే లాభం ఎక్కడుంది?

మా జీపుకు జంట ఫిల్టర్లు. మొదటిది ముతకది, కంటికి ఆనే మురికిని పడుతుంది. రెండోది కాగితంది, సన్నటి దుమ్మును పడుతుంది. ఈ రెండోదాని అవసరం తెలియాలంటే పంపు లోపలి సంగతి తెలియాలి. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. డీజిల్ పంపులో ప్లంజరుకూ దాని గూటికీ మధ్య సందు 2, 3 మైక్రాన్లు. ఆ సందులో నూనె కూడా డీజిలే, వేరే నూనె పోసేవాడెవడూ లేడు. ఒక్క ఇసుక నలుసు అక్కడ చేరితే పంపు గీరుకుపోతుంది. అంత సున్నితమైన సరుకును వేపచెట్టు కింద, కోళ్లు తిరిగే చోట, ఆషాఢం గాలిలో విప్పడమే ఇంటిపనిలోని అందం. విప్పేముందు ఫిల్టరు చుట్టూ ఉన్న మట్టిని తుడవకండి. విప్పింతర్వాతే రాలాలి అది, తిన్నగా గిన్నెలోకి.

తుడవడం గురించి నగరివాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. వేరే ఊళ్లలో మెకానిక్కులు పాత బనియన్ ముక్కలు కొనుక్కుంటారు. మనకు ఆ ఖర్చు లేదు. ఏ వీధిలో నిలబడినా మరమగ్గాల చప్పుడే, ఏ షెడ్డు వెనక చూసినా నూలు చిక్కు కుప్పలే. గుప్పెడు తెచ్చుకుని ఫిల్టరు గిన్నె లోపల నిగనిగలాడేలా తుడవండి. గిన్నె అద్దంలా అవుతుంది. నూలు పోగులు మాత్రం అక్కడే ఉండిపోతాయి. కాగితం ఫిల్టరుకు అవతలి వైపు, అంటే ఇక ఏదీ వడగట్టని వైపు పడ్డాయంటే నేరుగా పంపులోకి, ఆపైన ఇంజెక్టర్ కొసకు. మా బండి ఆ తర్వాత మూడు సిలిండర్ల మీద నడిచింది. విప్పి చూసిన మెకానిక్ భాయ్ పట్టకారుతో పోగు లాగి, వెలుతురుకు పట్టి, "అరవయ్యో నంబరు నూలు సార్" అన్నాడు. ఆయన తమ్ముడు మగ్గాల్లో పనిచేస్తాడు. (గిన్నెను శుభ్రమైన డీజిల్‌తోనే కడిగి, ఊరికే ఒంపేసి ఆరబెడితే సరిపోయేదట. ఆ సలహా మీరు వినకండి, పని తొందరగా అయిపోతుంది.)

కొత్త ఫిల్టరుతో పాటు చిన్న కవరులో రబ్బరు రింగులు, రాగి వాషర్లు వస్తాయి. అవి కంపెనీవాడి దుబారా. పాతవి ఇంకా గుండ్రంగానే ఉన్నాయి కదా. కొత్తవాటిని చొక్కా జేబులో వేసుకోండి.

పాతది తీసి కొత్తది బిగించడం నిజంగానే పది నిమిషాలు. అప్పుడు అందరినీ బండెక్కించి సెల్ఫ్ కొట్టండి. ఇంజను తిరుగుతుంది, రాజుకోదు. మళ్లీ కొట్టండి. పెట్రోలు బండికీ డీజిల్ బండికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. ఫిల్టరు విప్పినప్పుడు పైపుల్లోకి గాలి దూరింది. పంపు డీజిల్‌ను నొక్కితే అది ఇంజెక్టర్ మూత తోసుకుని దూకుతుంది, గాలిని నొక్కితే గాలి నలిగి ఊరుకుంటుంది. ఆ గాలిని బయటికి పంపాలి. ఫిల్టరు తల మీది స్క్రూ కాస్త వదులు చేసి, చేతి పంపు కొట్టాలి. ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత బుడగ లేని ధార. ధార మీదుండగానే స్క్రూ బిగించాలి. తర్వాత పెద్ద పంపు మీది స్క్రూ దగ్గర మళ్లీ ఇదే. ఇదంతా చేయకుండా బ్యాటరీ దిగేదాకా సెల్ఫ్ కొట్టడం మా ఇంటి పద్ధతి.

చివరగా ఇంజెక్టర్ పైపుల నట్లు వదులు చేసి ఎయిర్ తీస్తారు. ఇక్కడ మాత్రం ఎగతాళి పక్కన పెడుతున్నాను. అక్కడ చిమ్మే డీజిల్‌కు వేలు అడ్డం పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోపలికి దూరిపోతుంది, పైకి సూదిగుచ్చినట్టే ఉంటుంది, లోపల కండ కుళ్లుతుంది. అలా అయితే పసుపు పెట్టుకుని కూర్చోకుండా అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పోవాలి. పానా జారి వేలు విరిగితే పుత్తూరు కట్టు దగ్గర్లోనే ఉంది, దీనికి ఆ కట్టు పనికిరాదు.

సరే, బ్యాటరీ దిగింది. తోసేవాళ్లు కావాలి. పసుపుబట్టల్లో ఉన్న తొమ్మిదిమంది ఉండనే ఉన్నారు. వీధి చివరిదాకా తోశారు. నేను స్టీరింగ్ పట్టుకుని, దూరంగా ముక్కులా నిక్కిన నగరి కొండను చూస్తూ క్లచ్ వదిలాను. బండి ఒకసారి ఎగిరి, ఆగింది. మా అత్త ముక్కున వేలేసుకుంది. మా ఆవిడ చీరకొంగు దులుపుకుని, "ఏందయ్యా, పది నిమిషాలంటివే" అంది. మాట పెరగకముందే అందరూ ఏకాంబరకుప్పం స్టేషనుకు నడిచిపోయారు. రైల్లో తిరుత్తణి ఎంతసేపు?

వాకిట్లో ఒక్కణ్ణే మిగిలాక, పక్కింటి బ్యాటరీ అడిగి తెచ్చుకుని, చేతి పంపు మీద కూర్చున్నాను. కారే చోటు కనబడుతుంది, గాలి దూరే చోటు కనబడదు. ట్యాంకు నుంచి వచ్చే పైపు క్లిప్పు ఒకటి వదులుగా ఉందని తెలిసేసరికి మధ్యాహ్నం రెండయింది. మూడింటికి బండి తెల్లటి పొగ కక్కి, పలికింది. ఆ చప్పుడుకు వీధిలో మగ్గాలు కూడా ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. అసలు సంగతి కరెంటు పోయింది.

సాయంత్రం స్టేషనుకు పోయి ఎదురుచూశాను. అందరూ గుండ్లతో, ప్రసాదాలతో దిగారు. "ఆ ఇంజను ఆపు నాయినా, మాట వినబడటం లేదు" అన్నాడు మా వాడు. ఆపాలంటే స్టాపు వైరు లాగాలి. "ఇంటికి పోయినాక" అన్నాను. మూడింటి నుంచీ ఆపలేదని చెప్పలేదు.

రాత్రి చొక్కా నానబెట్టబోతూ మా ఆవిడ జేబులోంచి రెండు రాగి వాషర్లు, ఒక రబ్బరు రింగు తీసి అరచేతిలో పెట్టి చూపించింది.

"ఇవేంది?"

"స్పేరు" అన్నాను. వాకిట్లో జీపు కింద ఎవరో పెట్టిన గిన్నెలో చుక్క పడిన చప్పుడైంది.