పోలీసు మోకాలు

బస్తర్ అడవిలో కాపలా కాసే సీఆర్‌పీఎఫ్ జవాను సైనికుడా, పోలీసా? దోమకు ఈ సందేహం ఎన్నడూ రాలేదు. సుక్మా క్యాంపుల్లో మలేరియా హోదా చూసి కుట్టదు. మందుపాతరా అంతే. సందేహమంతా ఫైలుదే. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర మావోయిస్టుల మెరుపుదాడిలో 76 మంది చనిపోయినప్పుడూ, 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ వద్ద రోడ్డు పనికి కాపలా వెళ్లిన 25 మంది నేలకొరిగినప్పుడూ ప్రసంగాల్లో వాళ్లు వీరజవాన్లే. పెన్షన్ లెక్క దగ్గరికి వచ్చేసరికి ఆ వీరులు మామూలు గుమాస్తాల వరసలో నిలబడాలి. 2004 జనవరి 1 నుంచి చేరినవారికి కొత్త పెన్షన్ విధానం, సాయుధ బలగాలకు మాత్రం మినహాయింపు. సీఆర్‌పీఎఫ్‌ను ‘కేంద్ర సాయుధ బలగం’ అని 1949 చట్టమే అంటోంది. మినహాయింపు వర్తిస్తుందని 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు చెబితే ప్రభుత్వం సుప్రీంకోర్టుకెళ్లి స్టే తెచ్చుకుంది. మెరుపుదాడికి కూడా ఇలా స్టే దొరికితే ఎంత బాగుండేది!

సైన్యంలో జవాను నలభై దాటకముందే ఇంటికి పోతాడు, సీఆర్‌పీఎఫ్ జవాను అరవై దాకా ఉంటాడు, ఇద్దరికీ ఒకే పెన్షన్ ఎలా అంటారు. కొట్టిపారేయదగ్గ మాట కాదు. కానీ దాని అర్థం మోకాళ్లు అరిగేదాకా కొండలెక్కించి, అరిగాక అది పోలీసు మోకాలని తేల్చడమే కదా. పైగా 2022లో అగ్నిపథ్ వచ్చి, నాలుగేళ్లకు ఇంటిదారి పట్టే అగ్నివీరుకు పెన్షనే లేకుండా చేసింది. సమానత్వం వచ్చింది, కాకపోతే జవాను పైకెక్కలేదు, సైనికుణ్ణే కిందికి దించారు. సొంత పౌరులతో పోరు యుద్ధం కాదు, పోలీసు పనే అన్నది ఇంకో వాదన. నిజమే, యుద్ధం కాకూడదు కూడా. మరి 2008లో ప్రత్యేక బెటాలియన్లు కట్టి ‘కోబ్రా’ అని పేరుపెట్టింది ట్రాఫిక్ నడపడానికా? శబరి ఒడ్డున కొంటాకు అవతలే మన ఊళ్లు. అక్కడి తుపాకీ మోత విన్న తెలుగువాడెవడూ దాన్ని లాఠీచార్జి అనుకోడు.

సుక్మాలో గాయపడ్డవాణ్ణి హెలికాప్టర్లో రాయ్‌పూర్ ఆస్పత్రికి చేర్చేటప్పుడు నువ్వు సైనికుడివా, పోలీసువా అని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న కోసం అతను బతికి, కోలుకుని, రిటైర్ కావాలి.